మధ్యలో నిలబడ్డ సూది

జనవరి 8

మామయ్యకి,

నీకు చెవులు పూర్తిగా మూతపడ్డాయి కాబట్టి ఫోను చేసి లాభం లేదు. మెసేజీ పెడదామంటే, బండ్ల తీగలకి సోల్డరింగు చేస్తూ కాలి కాలి బండబారిన నీ వేళ్ళని ఫోను అద్దం వేళ్ళుగానే ఒప్పుకోదంటావు. అందుకని కాగితం తీశాను. పొద్దున్నించీ ల్యాబులో ఎవరివో దవడలు ప్లాస్టరులో పోసి, కట్టుడు పళ్ళు అరగదీసి వచ్చిన చేతులివి. అక్షరాలు వంకర పోతే వెక్కిరించకు.

సంగతి నాన్న కారు. ఆ రెండు సీట్ల ఆకుపచ్చ కారు. అక్టోబరులో నువ్వు వచ్చినప్పుడు షెడ్డులో ఇంజిన్ విప్పదీసి పడి ఉంది కదా, దాన్ని టేపుల మేస్త్రి మూడు నెలలు నానబెట్టి మొన్న బిగించి ఇచ్చాడు. (ఆ పేరు నువ్వు పెట్టిందే. ఇప్పుడు పేటంతా అలాగే పిలుస్తోంది, పాపం.) ఇంజిన్ బాగానే మోగుతోంది. డాష్‌బోర్డు మీద సూదులు మాత్రం తలో దారి పట్టాయి. ఇండికేటరు వేస్తే దానితో పాటు పెట్రోలు సూది టిక్కుటిక్కుమని గంతులేస్తుంది. లైట్లు వేస్తే నిండు ట్యాంకుని ఖాళీ అంటుంది. ఆయిలు సూది లేవనే లేవదు. పైగా దాని వెనక నుంచి నల్లటి జిడ్డు చుక్కలు చుక్కలుగా కారి నా చెప్పులో చేరింది. ఛీ, రెండు రోజులు కడిగినా కాలి వేళ్ళ మధ్య ఆ కంపు పోలేదు. వేడి చూపించే సూది ఒక్కటే బుద్ధిగా మధ్యలో నిలబడి ఉంది.

ఈ నెలాఖరులోగా సూదులన్నీ సరిగ్గా చూపించకపోతే బండిని తుక్కుకి తోలేస్తానని అమ్మ కూర్చుంది. అమ్మ అన్నదంటే చేస్తుంది, నీ అక్కే కదా.

ఇంట్లో పరిస్థితి నీకు తెలిసిందే, కానీ నువ్వు వెళ్ళాక ఇంకా ముదిరింది. కొండదారిలో ఇంజిన్ ఉడికిపోయి పొగలు కక్కినప్పుడు, "సూది ఎర్రగీత దాటుతుంటే చూసుకోలేదా?" అని అందరం నాన్న మీద పడ్డాం. ఆయన ఒకటే మాట: "చూశాను. మధ్యలోనే ఉంది." నువ్వు భోజనాల బల్ల దగ్గర నవ్వి, "బావ కళ్ళకేం కాలేదు, లోపలే ఏదో సడలింది, డాక్టరుకి చూపించక్కా" అన్నావు. అమ్మ ఆ మాట పట్టుకుంది. ఇప్పుడు నాన్నని స్టవ్ దగ్గరికి రానివ్వదు. వీధి తలుపు తాళం ఇవ్వదు. కారు తాళం కొంగున ముడేసుకుని తిరుగుతుంది. ఫిబ్రవరి నాలుగున జ్ఞాపకశక్తి పరీక్ష చేసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుందట.

ముప్పై నాలుగేళ్ళు నీళ్ళ ఆఫీసు తరఫున ఇంటింటికీ తిరిగి మీటర్లు చదివిన మనిషి, మామయ్యా. ఆ కారు కూడా అలా తిరుగుతూ ఒక ఇంటి వెనక పరదా కింద చూసి, ఆ ఇంటాయన్ని బతిమాలి తెచ్చుకున్నదే. నేను కూడా ఆయనకి మతిమరుపు వచ్చిందనే అనుకుంటున్నాను, అబద్ధమెందుకు. కానీ ఈమధ్య ఆయన "చూశాను" అనడం కూడా మానేశాడు. అదే నాకు నచ్చలేదు. బండి బాగుపడితే, పక్కన నేను కూర్చుని అయినా సరే, ఆయన్ని మళ్ళీ ఆ స్టీరింగు వెనక కూర్చోబెట్టాలి. నాకు కావలసింది అంతే.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు. నాకు చేతులు ఆడతాయి, బుర్ర నువ్వు పంపు.

జిడ్డు కాలితో,
నీ మేనకోడలు

జనవరి 15

కట్టుడు పళ్ళ మేస్త్రికి,

నీ ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ టేపుల వెధవకి బండి ఇవ్వద్దని చెవిలో ఊదినట్టు చెప్పాను. వినేవాళ్ళెవరు? చెవుడు నాకా, మీ ఇంటికా? వాడు తెగిన తీగని చూస్తే టేపు చుడతాడు, తెగని తీగని చూసినా చుడతాడు. వేసవి రాగానే ఆ టేపు జిగురు కారి తీగలన్నీ ఒకదానికొకటి అంటుకుని, ముట్టుకుంటే చీమిడి పట్టుకున్నట్టుంటుంది. నలభై ఏళ్ళ బండ్ల కరెంటు పనిలో నేను ఒక్క అంగుళం టేపు వాడలేదు. ఇక్కడ నా గది కింద టైర్ల షాపులో కూడా ఒకడున్నాడు, వాడికీ అదే రోగం. చూడలేక ఆ పక్క కిటికీ మూసేశాను.

సరే, విను. సూది అబద్ధం చెప్పదు, దానికి అందే కబురే తప్పుగా ఉంటుంది. ముందు ఆ మాట బుర్రలో పెట్టుకో.

పెట్రోలు సూది ఇండికేటరుతో కలిసి ఎగిరిందంటే రోగం సూదిలో లేదు, ఎర్త్‌లో ఉంది. బండి వెనక ట్యాంకు దగ్గర ఒక నల్లతీగ రేకుకి బిగించి ఉంటుంది. అక్కడ తుప్పు పట్టి ఉంటుంది. విప్పి, గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది బిగించు. తర్వాత పరీక్ష: ట్యాంకు మీదున్న రెండో తీగ పీకు, సూది కింద పడాలి. అదే తీగని ఒక్క క్షణం రేకుకి తాకించు, సూది పైకి లేవాలి. రెండూ జరిగితే తీగా బాగుంది, మీటరూ బాగుంది. కరెంటుతో కదిలే ఏ సూదికైనా ఇదే మంత్రం.

ఆయిలు సూదికి కరెంటు లేదు. ఇంజిన్ నుంచి సన్నని గొట్టంలో ఆయిలే వచ్చి దాన్ని నెడుతుంది. టేపులవాడు బిగించేటప్పుడు గొట్టం నలిపేసి ఉంటాడు, మర కూడా వదులుగా వదిలేసి ఉంటాడు. గొట్టం మార్చు, మర బిగించు, చెప్పు పారెయ్యి.

వేడి సూది జోలికి పోకు. అది పనిచేస్తోందని నువ్వే రాశావు. పనిచేసేదాన్ని కెలకడం అనుభవం లేనివాళ్ళ జబ్బు.

ఇక మీ నాన్న సంగతి. నేను నోరు జారానని నీ ఉత్తరంలో ఒక మూల నుంచి వినిపిస్తోంది. బావ మంచివాడే. కానీ ఆ బండి పెట్టుకుని ఏళ్ళ తరబడి నా ప్రాణం తోడేశాడు. సూది వెంట్రుకవాసి కదిలితే నాకు ఫోను. "బామ్మర్దీ, నిన్నటికంటే ఒక గీత పైన ఉంది", "బామ్మర్దీ, ఇవాళ గీతన్నర". మీటర్లు చదివి చదివి ఆయనకి అదొక పిచ్చి. అలాంటివాడు కొండ మీద మాత్రం కళ్ళు మూసుకున్నాడంటే ఏమనుకోవాలి? డాక్టరుకి చూపించడంలో తప్పేం లేదు.

అక్కని అడిగానని చెప్పు. మోకాలికి నేను చెప్పిన నూనె రాస్తోందా?

టేపు ముట్టని
మామయ్య

జనవరి 24

మామయ్యకి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఇప్పుడు స్నానం చేసి, మళ్ళీ స్నానం చేసి రాస్తున్నాను.

డాష్‌బోర్డు వెనక ఏముంటుందో నువ్వు నాకు ముందే చెప్పి ఉండాల్సింది. ఆయిలు గొట్టం కోసమని కింద పడుకుని చెయ్యి పెట్టాను. మెత్తగా తగిలింది. లాగితే ఎలుక గూడు. సీటు దూది, ఎవరిదో జుట్టు, నమిలిన కాగితాలు, వాటి మధ్య ఎండిపోయిన ఎలుక పిల్లలు నాలుగు. అవి నా గుండెల మీద పడ్డాయి. కేక పెట్టి లేస్తే తల స్టీరింగుకి కొట్టుకుంది. మీటరు వెనక చిన్న బల్బు ఒకటి జారిపోకుండా ఎవరో నమిలిన చూయింగ్ గమ్ముతో అంటించారు. దాని మీద పళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. రోజూ జనం నోళ్ళలోంచి తీసిన అచ్చులతోనే బతుకుతున్నాను కదా, పై దవడ కుడి పక్క రెండో పన్ను లేనివాడు అని కూడా చెప్పగలను. ఆ రాత్రి అన్నం తినలేదు.

కానీ పని అయింది. ట్యాంకు దగ్గర తుప్పు నువ్వు చెప్పినచోటే ఉంది. గీకి బిగించాక పెట్రోలు సూది ఇప్పుడు ఇండికేటరుని పట్టించుకోవడం లేదు. నీ మంత్రం వేశాను, పీకితే పడింది, తాకిస్తే లేచింది. ఆయిలు సూది కూడా లేచి నిలబడింది. అమ్మ వచ్చి చూసి, "ఊఁ" అంది. ఆ ఊఁలో నెలాఖరు గడువు కాస్త సడలినట్టే.

నాన్న పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాడు. పట్టుకోమంటేనే పట్టుకున్నాడు. మధ్యలో, "పెట్రోలు సగం ఉన్నట్టు నాకు కనపడుతోంది, నీకూ సగమేనా?" అని అడిగాడు. సగమే నాన్నా అన్నాను. "సరే అయితే" అన్నాడు. నాకు ఆ "సరే అయితే" గుచ్చుకుంది.

ఒక సందేహం. నిన్న పొద్దున చలికి కారు అద్దాలన్నీ మంచు పట్టి ఉన్నాయి. ఇంజిన్ ఇంకా మొదలుపెట్టలేదు, తాళం మాత్రం తిప్పాను. అరనిమిషంలో వేడి సూది నెమ్మదిగా లేచి సరిగ్గా మధ్యకి వచ్చి కూర్చుంది. చన్నీళ్ళలా ఉన్న ఇంజిన్‌కి వేడి ఎక్కడిది? నాన్నని అడిగితే, "మన బండి అంతే, త్వరగా వేడెక్కుతుంది, చాలా ఏళ్ళుగా అంతే" అన్నాడు, కొంచెం గర్వంగా కూడా. నువ్వు ముట్టుకోవద్దన్నావని ఆగాను. ముట్టుకోనా?

కంపరం వదలని
మేనకోడలు

జనవరి 30

మేనకోడలికి,

ముట్టుకోవద్దని రాశాను కదా. రాసింది చదవడం కూడా నేర్పాలా? పాత బండికి పాత అలవాట్లుంటాయి. సూది మధ్యలో ఉంటే మనిషికి మనశ్శాంతి.

నీ తొందర చూస్తే బండిని బాగుచేసి ఎవరికో కట్టబెట్టే ఆలోచనలో ఉన్నట్టున్నావు. టేపులవాడు అడుగుతున్నాడా? వాడికి చాలా ఏళ్ళుగా దాని మీద కన్ను. వాడికిస్తే నేను మీ గడప తొక్కను.

అంతగా అనుమానమైతే ఏదో వాడే కెలికి ఉంటాడు. ఇంజిన్ విప్పింది వాడే కదా. ఇక దాన్ని వదిలెయ్యి. పెట్రోలు, ఆయిలు చూపిస్తున్నాయి, అక్క ఒప్పుకుంది, పని అయిపోయింది. నాకు ఇక్కడ జలుబు. ఎక్కువ రాయలేను.

మామయ్య

ఫిబ్రవరి 9

మామయ్యకి,

జలుబు తగ్గిందా? నీ అక్షరాలు వణికి ఉన్నాయని అమ్మ రెండుసార్లు అంది. బండి ఎవరికీ ఇవ్వడం లేదు, ఆ బెంగ పెట్టుకోకు.

నేను మాత్రం ఒక బుద్ధిలేని పని చేశాను, అది నీ ఉత్తరం పట్టుకునే చేశాను. "వాడే కెలికి ఉంటాడు" అన్నావు కదా. ఇంజిన్ దగ్గర వేడి పట్టే బుడిపె నుంచి వచ్చే తీగకి నీ మంత్రమే వేశాను. పీకాను, సూది పడలేదు. రేకుకి తాకించాను, లేవలేదు. మధ్యలోనే ఉంది. అంటే ఆ తీగలో వచ్చే కబురు మీటరుదాకా వెళ్ళనే వెళ్ళడం లేదు. నాకు నషాళానికి అంటింది. అంటే కొండ మీద సూది నిజంగానే మధ్యలో ఉంది! నాన్న చూశాడు! నేరుగా టేపుల మేస్త్రి షాపుకి పోయి, నలుగురి ముందు నోటికొచ్చినట్టు తిట్టాను. మా నాన్నని పిచ్చివాణ్ణి చేశావురా, సిగ్గులేదా అన్నాను. "రా" అన్నాను మామయ్యా, నాకంటే పెద్దవాణ్ణి.

ఆయన చేతులు తుడుచుకుని నా వెంట వచ్చాడు. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. మేస్త్రి మీటరు విప్పి బయటికి లాగి, వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టాడు. "అమ్మా, నన్ను టేపులోడు అంటారు. ఇక్కడ టేపుందేమో చూడు" అన్నాడు.

టేపు లేదు. ఇంజిన్ నుంచి వచ్చిన తీగని కత్తిరించి, కొసని మడిచి పక్కకి కట్టేశారు. దాని బదులు చారలున్న చిన్న ముక్క ఒకటి, గోరంతది, మీటరుకీ రేకుకీ మధ్య సోల్డరు చేశారు. తాళం తిప్పితే సూది మధ్యకి రావాలి, ఇంజిన్ మంచుగడ్డ అయినా నిప్పుకణిక అయినా అక్కడే ఉండాలి. అందుకు తప్ప ఇంకెందుకూ పనికిరాదట అది. అతుకు మీద మైనం పూసిన దారం, పక్కపక్కనే ఎనిమిది చుట్లు, కొస కనపడకుండా లోపలికి తోసి, పైన ఒక చుక్క ఎర్ర గోళ్ళరంగు.

నా చిన్నప్పుడు ఎన్ని గోళ్ళరంగు సీసాలు ఎత్తుకుపోయావో నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు.

మేస్త్రి నా మొహం చూడకుండా, "మా పనిలో దారంతో కట్టే మనిషి ఒక్కరే ఉన్నారమ్మా" అన్నాడు. అని, మీటరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాన్న విన్నాడో లేదో తెలియదు. లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

ఇంకొకటి చెప్పాలి. నాలుగో తారీఖున డాక్టరు దగ్గరికి వెళ్ళారు. గడియారం బొమ్మ గీయమన్నాడట, పదకొండూ పది చూపించమన్నాడట. నాన్న సరిగ్గానే గీశాడట. గీసి, దాని వంక చూసి, చెరిపేశాడట. అమ్మ వైపు తిరిగి, "సరిగ్గా ఉందా? నువ్వు చెప్తే గీస్తాను" అన్నాడట. డాక్టరు ఏదో రాసుకుని మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నాడు.

అది నీ పని కాదని రాయి. ఎవరో నీ పద్ధతి దొంగిలించారని రాయి. నేను నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను.

మేనకోడలు

ఫిబ్రవరి 21

మామయ్యా,

పన్నెండు రోజులైంది. అమ్మ ఈ పొద్దున చెంచాలు ఎక్కడ పెట్టాలో నాన్నకి చీటీ రాసి గోడకి అంటించింది. ఆయన దాన్ని చదివి, చెంచాలు అక్కడే పెట్టాడు. ఇంకా అమ్మకి చెప్పలేదు నేను. నువ్వే చెప్పాలని ఆగాను. ఎక్కువ రోజులు ఆగలేను.

ఫిబ్రవరి 27

మేనకోడలికి,

అది నా పనే.

మూడు కాగితాలు చించాను. మొదటిదాంట్లో టేపులవాడిని తిట్టాను. రెండోదాంట్లో మీ అమ్మని. మూడోదాంట్లో మీ నాన్నని. నాలుగోది ఇది.

తొమ్మిదేళ్ళ కిందట ఆ వేడి బుడిపె పాడైంది. సూది ఇష్టమొచ్చినట్టు ఊగేది. అలాంటి బుడిపె ఎక్కడా దొరకలేదు. మీ నాన్న రోజుకి రెండుసార్లు ఫోను. మీ అమ్మ ఆయన పక్కన కూర్చుంటే రోడ్డు చూసేది కాదు, సూదినే చూసేది. అది కదిలితే "ఆపండి ఆపండి" అని కేకలు. ఒకరోజు ఇద్దరూ షాపుకి వచ్చి నా ముందే పోట్లాడుకున్నారు. మీ అమ్మ విసిగిపోయి, "ఆ పాడు సూది కదలకుండా చెయ్యరా బాబూ" అంది. వేళాకోళానికే అంది. నేను కూడా వేళాకోళానికే చేద్దామనుకున్నాను. రెండు వారాలు, బుడిపె దొరికేదాకా అనుకున్నాను. మర్నాడు మీ నాన్న ఫోను చేసి, "బామ్మర్దీ, నీ చేతిలో మహిమ ఉంది, సూది గుడిలో దీపంలా నిలకడగా ఉంది" అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి. ఎలా చెప్పను? నెల తర్వాత చెప్దామనుకున్నాను. ఏడాది తర్వాత చెప్పడానికి సిగ్గేసింది. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి, ప్రాణం హాయిగా ఉంది. మరిచిపోయాను అని రాయబోయాను. మరిచిపోలేదు.

అక్టోబరులో మీ ఇంటి భోజనాల బల్ల దగ్గర ఆయన "చూశాను, మధ్యలోనే ఉంది" అన్నప్పుడు ఆ మాట నాకు వినపడలేదు, తెలుసు కదా, నాకు అప్పటికే చెవులు పోయాయి. కానీ ఆయన పెదవులు చూశాను. అర్థమైంది. ఆ క్షణంలో నా నోట్లో ముద్ద ఉంది. మింగాను. మింగి, నవ్వి, ఆ మాట అన్నాను. నలభై ఏళ్ళు పేటంతా తిరిగి అందరి పనినీ చీదరించుకున్నవాణ్ణి, నా పని వల్ల ఇంజిన్ పోయిందని ఆ బల్ల దగ్గర ఎలా ఒప్పుకుంటాను? బావకి పిచ్చి అంటే సరిపోతుందనుకున్నాను. ఇంత దూరం పోతుందనుకోలేదు అని రాస్తే అదొక అబద్ధం. డాక్టరు పేరు కూడా నేనే చెప్పాను.

నీకు వద్దని రాసింది నీ మీద ప్రేమతో కాదు. నువ్వు ఆ మీటరు విప్పుతావని భయంతో.

ఇందులో ఇంకొక కాగితం మడిచి పెట్టాను. అది అక్కకీ బావకీ. నాకు చదివి వినిపించే ధైర్యం లేదు, వినే చెవులూ లేవు. నువ్వు చదవకు, అక్క చేతికివ్వు. టేపుల మేస్త్రికి కూడా ఒక కార్డు రాశాను. ఈ నాలుగు రోజులుగా నా చేతుల్ని చూసుకుంటే నాకే వెగటుగా ఉంది.

మామయ్య

మార్చి 12

మామయ్యా,

నీ కాగితం అమ్మకిచ్చాను. ఆమె పైకి చదవడం మొదలుపెట్టి మూడో వాక్యం దగ్గర కాగితం నా చేతిలో పెట్టేసింది. మిగతాది నేను చదివాను, నువ్వు వద్దన్నా. అమ్మ గోడ మీది చీటీ పీకేసింది. కొంగు ముడి విప్పి కారు తాళం, లోపలి నుంచి వీధి తలుపు తాళం తెచ్చి నాన్న ముందు పెట్టింది. "నన్ను తిట్టండి" అంది. నాన్న తిట్టలేదు. నీ కాగితం అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి మళ్ళీ చదివాడు. "తొమ్మిదేళ్ళా" అన్నాడు. అంతే.

నీ గురించి నాకు ఏమనిపిస్తోందో చెప్పేస్తాను, దాచుకుంటే కుళ్ళుతుంది. నాకు నువ్వంటే రోత పుట్టింది. ఆ ముక్క సోల్డరు చేసినందుకు కాదు. అది ఎవరైనా చేస్తారు, నేనూ ఒకసారి పగిలిన పన్నుకి రంగేసి పంపాను. ముద్ద మింగి నవ్వినందుకు. ఆ ఎలుక గూడు నా మీద పడ్డప్పుడు కూడా ఇంత అసహ్యం వెయ్యలేదు. రాసేశాను, ఇంకా పోలేదు. పోతే చెప్తాను.

టేపుల మేస్త్రి ఇంకెక్కడో ఒక పాత బండిలోంచి మన కారుకి సరిపోయే బుడిపె వెతికి తెచ్చాడు. నేను ఆయన షాపుకి వెళ్ళి, అదే నలుగురి ముందు క్షమించమన్నాను. "పర్లేదమ్మా" అన్నాడు, మొహం మాత్రం ఇంకా ముడుచుకునే ఉంది. ఇద్దరం కలిసి తీగని మళ్ళీ అతికించాం. ఆయన టేపు చుట్టాడు. నేను ఊరుకున్నాను. పీకితే సూది పడింది, తాకిస్తే లేచింది.

ఆదివారం పొద్దున నాన్నని కూర్చోబెట్టాం. నేను పక్క సీట్లో. అమ్మ షెడ్డు గుమ్మంలో. తాళం తిప్పాడు, సూది అడుగునే ఉంది. ఇంజిన్ మొదలైంది. ఒక్కో గీత ఎక్కుతోంది, ఎంత నెమ్మదిగా ఎక్కుతుందో తొమ్మిదేళ్ళ తర్వాత చూస్తున్నాడు. ఏడు నిమిషాలకి మధ్యకి వచ్చి ఆగింది. నాకు ఏడుపొచ్చేలా ఉంది, సంతోషంతో. అయిపోయింది, అంతా సరిపోయింది అనుకున్నాను.

అప్పుడు నాన్న నా వైపు తిరిగి, "మధ్యలోనే ఉందా? నువ్వు కూడా చూసి చెప్పమ్మా" అన్నాడు.

ఉంది నాన్నా అన్నాను. గేటు దాటాం. వీధి చివర మలుపులో మళ్ళీ అడిగాడు. పార్కు దగ్గర మళ్ళీ. తిరిగొచ్చేలోపు ఆరుసార్లు అడిగాడు మామయ్యా. మేమంతా తప్పు, ఆయనే ఒప్పు అని కాగితం మీద రాసి ఇచ్చాక కూడా. బండి ఆపి దిగాక, తాళం జేబులో వేసుకోకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "నేను చూసింది నిజమే అని నాకు తెలుసు. అయినా అప్పుడు మీ మామయ్య మాటే నమ్మాను. నలుగురూ అనేసరికి నాకూ అలాగే అనిపించింది. ఇప్పుడు ఏది చూసినా ఇంకొకళ్ళని అడగబుద్ధేస్తోంది" అన్నాడు.

ఇది నాకు చేతకాని పని. ఏ తీగ పీకాలో, ఏ తీగ తాకించాలో తెలియదు. అమ్మ ఆయన్ని చూసి ఏడుస్తుంది, నేను ఆయన అడగకముందే జవాబు చెప్పేస్తాను. మా ఇద్దరి వల్లా కాదు.

నువ్వు రా. ఉత్తరం రాయకు, క్షమాపణలు చాలు. పొద్దున్నే ఆయన పక్క సీట్లో కూర్చో. ఆయన ఏదడిగినా నీకు వినపడదు, అది ఇన్నాళ్ళకి ఒక మంచికే వచ్చింది. ఆయన నీ వైపు తిరిగి పెదవులు కదిపినప్పుడల్లా, "నాకు తెలియదు, నువ్వే చెప్పు బావా" అను. ఆయన చెప్పింది కాగితం మీద రాసుకో. ఆయన అడగడం మానేసేదాకా ఇంటికి వెళ్ళకు.

అమ్మ నీకు పక్క వేయనంది. నేను వేసి ఉంచాను.

మేనకోడలు